సామాన్ల జాబితాలో లేని పుస్తకాలు

సంక్రాంతి వెళ్లిన వారానికి నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. "మేడమ్, రిటైరయ్యాక ఖాళీ అన్నారుగా, ఈసారి మాతో రండి" అంది. ఆమె పనిచేసే చోట కొంతమంది కలిసి ఏటా ఒక బృందాన్ని ఆఫ్రికా పల్లెలకి స్వచ్ఛంద సేవకి పంపుతుంటారు. ఈ ఏడు జూలైలో మూడు వారాలు, దక్షిణ మలావీ. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను ఊళ్లకి ఊళ్లని ఊడ్చేసిన ప్రాంతం అది. చనిపోయినవాళ్లూ, ఆచూకీ దొరకనివాళ్లూ కలిసి వెయ్యిమందికి పైనే. బడి గదులకి రంగులు వేయడం, పిల్లలకి ఇంగ్లీషు చెప్పడం, ఊరి ఆడవాళ్లతో 'సాధికారత' సమావేశం, ఒక పూట అనాథాశ్రమంలో గడపడం, ఇదీ కార్యక్రమం. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా వస్తానన్నాను. ఆలోచించడం ఆ తర్వాత మొదలైంది. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

వారం తిరక్కుండా సామాన్ల జాబితా పంపింది. నాలుగు పేజీలు. మలేరియా మాత్రలు, దోమల మందు, టార్చిలైటు, ఇంగ్లండు రకం ప్లగ్గు, పిల్లలకి పంచడానికి పెన్సిళ్లు, చాక్లెట్లు, ఇంట్లో పడి ఉన్న పాత బట్టలు, మంచి కెమెరా ఉన్న ఫోను, ఒక ఉన్ని స్వెటరు. ఆఫ్రికాకి స్వెటరేమిటి అని నవ్వుకున్నాను. తర్వాత చూస్తే మలావీకి జూలై చలికాలం. మూలాంజె కొండల చుట్టుపక్కల ఆ నెలల్లో చలిగాలితో పాటు సన్నటి జల్లు పట్టుకుంటుంది. దాన్ని చిపెరోని అంటారు. ఆఫ్రికా అనగానే ఎండ తప్ప ఇంకేమీ తోచని నా చదువుకి సిగ్గేసింది. కానీ ఆ స్వెటరు దగ్గర నేను ఆగిపోయింది అందుకు కాదు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న ఆ రాత్రి గురించి తెలుగు పాఠకులకి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. మా ఇంట్లో నాయనమ్మ పోయింది. అమ్మ, నాన్న, తమ్ముడు, నేను మిగిలాం. నాలుగో రోజో అయిదో రోజో లారీలు వచ్చాయి. పైన నిలబడ్డవాళ్లు మూటలు విప్పి విసిరేవాళ్లు. అమ్మ చేతుల్లో పడ్డది ఒక నీలం రంగు ఉన్ని కోటు. ఏ చలిదేశపు మనిషి తొడిగి విడిచిందో. ఒంటిమీది చీర తప్ప మరో గుడ్డ లేని మనిషికి, తాగడానికి మంచినీళ్లు, వండుకోడానికి గిన్నె లేని మనిషికి, కోస్తా ఎండల్లో ఉన్ని కోటు! మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన వచ్చి ఆ కోటు పట్టుకుని నిలబడమన్నాడు. అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. ఫోటో అనగానే నేను సంబరపడి నవ్వాను. "నవ్వకు పాపా" అన్నాడాయన. ఆ రాత్రి అమ్మ, "మనం ఏడిస్తేగానీ ఆళ్ల పని అవ్వదంటే" అంది. ఆ కోటుని మాత్రం పారేయలేదు. చేతులు రెండూ కత్తిరించింది. చాలా ఏళ్లు మా ఇంట్లో అన్నం గిన్నె దించడానికి అవే మసిగుడ్డలు.

ఉప్పెన తర్వాత వచ్చింది లారీలవాళ్లు ఒక్కరే కాదు. ఊరూ పేరూ చెప్పకుండా వచ్చి, ఉబ్బిపోయిన శవాల్ని, పశువుల్ని ఎత్తి పూడ్చినవాళ్లున్నారు. మా ఊరి బావిలో ఉప్పునీళ్లు తోడి పోసినవాళ్లున్నారు. వాళ్లు మా అమ్మని, "ఈ చెత్త ఎక్కడ వెయ్యమంటావమ్మా?" అని అడిగి వేసేవాళ్లు. వాళ్ల ఫోటోలు నేనెక్కడా చూడలేదు. ఫోనులో నేను వెంటనే ఒప్పుకున్నది వాళ్ల బాకీ తీర్చుకోవాలనే. జాబితా చదివాక పట్టుకున్న భయం వేరే. బాకీ తీర్చబోయి నేను లారీ ఎక్కుతున్నానేమో!

జాబితా మళ్లీ తిరగేశాను. అందులో ప్రతి వస్తువూ మా ఒంటికోసం, మా కడుపుకోసం, మా ఫోటోలకోసం. పంచిపెట్టేవి కూడా ఇచ్చామన్న మా తృప్తికోసమే. అవతలి మనిషి ఎవరు, ఆమె ఏ భాషలో తిడుతుంది, ఏ భాషలో లాలిపాట పాడుతుంది, ఆమె ఉంటున్న ఇల్లు ఎవరిది అన్న వాటికి నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం చోటు దొరకలేదు. ముప్ఫై ఏళ్లకి పైగా సాహిత్యం పాఠం చెప్పినదాన్ని. నాకు చేతనైన సన్నాహం చదవడమే. అందుకని నా జాబితా నేను వేరే రాసుకున్నాను.

ఆఫ్రికా మన పాఠకులకి తెలియనిది కాదు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు'లో కుంటా కింటే కోసం కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు మా తరంలో తక్కువ. గూగీ నవలని వరవరరావు జైల్లో కూర్చుని 'మట్టికాళ్ల మహారాక్షసి'గా అనువదించారు. ఆ పుస్తకాలకి మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ దారిన నాదాకా వచ్చిన ఆఫ్రికా ఎక్కువగా మగవాళ్ల ఆఫ్రికా. అక్కడి ఆడవాళ్లు రాసినవి ఇంగ్లీషు విభాగాల్లో సిలబస్ కోసం చదివాం, సెమినార్లలో పత్రాలు సమర్పించాం, అల్మరాలో పెట్టేశాం. ఇప్పుడు ప్రయాణం పెట్టుకుని మళ్లీ తీస్తే అవి వేరే పుస్తకాల్లా కనిపించాయి. సేవకి వెళ్లొచ్చినవాళ్లు రాసుకునే అనుభవాల్లో ఆఫ్రికా స్త్రీ ఒక పాత్ర. ఈ పుస్తకాల్లో సేవకి వచ్చినవాళ్లు పాత్రలు. ఇన్నేళ్లు నేను వాళ్లని దాటుకుంటూ చదివాను, అది నా కథ కాదనుకుని.

మొదట తీసింది జింబాబ్వే రచయిత్రి నోవయొలెట్ బులవాయో 2013లో ప్రచురించిన 'వి నీడ్ న్యూ నేమ్స్'. కథ చెప్పేది డార్లింగ్ అనే పదేళ్ల పిల్ల. ఉన్న ఇళ్లు కూలగొడితే రేకుల గుడిసెల్లోకి చేరిన జనం, ఆ వాడ పేరు పారడైజ్. ఒక రోజు స్వచ్ఛంద సంస్థ లారీ వస్తుంది. పిల్లలు దానికోసం ముందునుంచే కాచుకుని ఉంటారు, పాడతారు, గెంతుతారు. లారీ దిగినవాళ్లలో ఒకడు ఫోటోలు తీస్తుంటాడు. పిల్లలకి తమ చిరిగిన బట్టలు, మురికి తెలుసు. ఫోటో వద్దని వాళ్ల ఒళ్లు చెబుతూనే ఉంటుంది. అతను తీస్తూనే ఉంటాడు. ఆ గుంపులో చిపో అనే పిల్ల ఉంది. పదకొండేళ్లు, కడుపుతో ఉంది. కెమెరా ఆ పొట్ట మీదికి తిరుగుతుంది. తర్వాత తలా ఒక బొమ్మ తుపాకి, మిఠాయిలు, తొడుక్కోడానికేదో ఇచ్చి లారీ వెళ్లిపోతుంది.

ఈ దృశ్యంలో రచయిత్రి ఎక్కడా కోపగించుకోదు. వ్యాఖ్యానించదు. లారీలో వచ్చినవాళ్లకి మనసు లేదని కూడా అనదు. పిల్లల గొంతులో ఉన్న ఎకసెక్కెం చేత మనల్ని నవ్విస్తుంది. నవ్వాక, ఆ కెమెరా ఎవరి చేతిలో ఉందో చూసుకోమంటుంది. లారీవాళ్లు పిల్లల్ని చూస్తున్నామనుకుంటారు, నిజానికి నవలంతా పిల్లలే వాళ్లని చూస్తుంటారు. వాళ్లకేం కావాలో కనిపెట్టి ఆ మేరకే చూపిస్తుంటారు. "నవ్వకు పాపా" అన్న మాట విన్నాక నేనూ నవ్వడం ఆపేశాను కదా! అది ఏడుపు కాదు, ఆయనకి కావలసిన మొహం. నలభై ఏళ్ల పైబడి ఎవరికీ చెప్పని సంగతి ఈ నవల చదువుతూ ఒప్పుకున్నాను.

ఈ నవల మీద నైజీరియా రచయిత హెలోన్ హబీలా ఒక అభ్యంతరం లేవదీశాడు. ఆఫ్రికా అనగానే పాశ్చాత్య పాఠకులు ఎదురుచూసే దుస్థితులన్నీ వరసగా పేర్చి చూపించడం కూడా ఒక ప్రదర్శనే కదా అన్నది దాని సారాంశం. సగం ఒప్పుకుంటాను. ఆకలి, ఎయిడ్స్, గర్భవతి అయిన చిన్నపిల్ల, బోధకుడి దౌర్జన్యం, అన్నీ కొద్ది పేజీల్లోనే వచ్చి పడతాయి. అయితే లారీ దృశ్యం ఆ ప్రదర్శన గురించే కదా. ప్రదర్శించక తప్పని స్థితిలో ఉన్నవాళ్లకి ఆ సంగతి తెలుసునని చెప్పడం ప్రదర్శన కాదు, సాక్ష్యం. మా అమ్మ మాట ఆ రాత్రి గుడారంలో ఉండిపోయింది. బులవాయో దాన్ని నవలలో పెట్టింది.

రెండో పుస్తకం బెస్సీ హెడ్ 'ఎ క్వశ్చన్ ఆఫ్ పవర్' (1973). బెస్సీ హెడ్ దక్షిణాఫ్రికాలో పుట్టి, తిరిగి రాకూడదన్న షరతు మీద 1964లో దేశం విడిచి బోట్స్వానా చేరింది. పౌరసత్వం రావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఈ నవలని మనం ఎక్కువగా పిచ్చి గురించిన నవలగా చదివాం. నేనూ తరగతిలో అలాగే చెప్పాను. ఎలిజబెత్ అనే కాందిశీకురాలి తలలో రాత్రుళ్లు జరిగే భీభత్సం మీద, దాని వెనక ఉన్న జాతివివక్ష మీద, పితృస్వామ్యం మీద గంటలు గంటలు మాట్లాడాం. పగటిపూట ఆమె ఒక తోటలో పనిచేస్తుందన్న విషయాన్ని నేపథ్యంగా వదిలేశాం. ఈసారి నేను తోట కోసం చదివాను.

ఆ తోటలోకి విదేశీ స్వచ్ఛంద సేవకులు వస్తారు. డెన్మార్క్ నుంచి వచ్చిన కెమిల్లాకి వ్యవసాయం తెలుసు, ఓపిక లేదు. నేర్చుకోడానికి వచ్చిన స్థానిక విద్యార్థులకి ఏమీ అర్థం కాదని ముందే తీర్మానించుకుని, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. అవతలివాళ్ల మౌనాన్ని మొద్దుతనం అనుకుంటుంది. ఆమె దేశం నుంచే వచ్చిన బిర్గెట్ వేరే రకం మనిషి, వినగలదు. అమెరికా నుంచి వచ్చిన టామ్ అనే కుర్రాడు మట్టిలో దిగి పనిచేస్తాడు, ఎలిజబెత్ ఇంట్లో తింటాడు, ఆమెతో వాదిస్తాడు, ఆమె కూలిపోయినప్పుడు పారిపోడు. అంటే బెస్సీ హెడ్ విదేశీయులందరినీ ఒకే గాట కట్టదు. మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న ప్రశ్నని దాటి, పని ఎవరి పక్కన నిలబడి చేస్తున్నారు అన్న ప్రశ్న దగ్గరికి వెళ్తుంది.

ఆ తోటకి అసలు ప్రాణం కెనోసి. చదువు అంతంత మాత్రమే ఉన్న ఊరి మనిషి, మాటలు తక్కువ. ఎలిజబెత్ మానసిక చికిత్సాలయం పాలైనన్నాళ్లూ తోటని నడిపేది ఆమే. తిరిగొచ్చిన ఎలిజబెత్ అమ్మకాల పుస్తకం తీసి చూస్తే, సెత్స్వానా ఇంగ్లీషు కలగలిపి తనకి తోచిన అక్షరాలతో రోజువారీ కూరగాయల లెక్కలు కెనోసి రాసిపెట్టి ఉంటుంది. నవలలో దేవుళ్లూ దెయ్యాలూ చేసే ప్రసంగాలన్నిటికన్నా నాకు ఆ లెక్కల పుస్తకం పెద్దదిగా కనిపించింది. సేవకులు వెళ్లిపోయాక కూడా పని నడుస్తుందా అన్నదానికి అంతకన్నా జవాబేముంటుంది? కెమిల్లా ఆ పుస్తకం చూస్తే తప్పులు దిద్దుతుంది. ఇన్నేళ్ల ఇంగ్లీషు టీచరు ఉద్యోగంలో నేను చేసింది ఎక్కువగా కెమిల్లా పనేనా అని కూడా అనిపించింది.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవాల్సి వచ్చింది. జింబాబ్వే నవల, బోట్స్వానా నవల చదివి మలావీ వెళ్తాననడం, పంజాబీ నవల చదువుకుని దివిసీమకి రావడం లాంటిది. ఆఫ్రికా ఒక దేశమన్నట్టు మాట్లాడేవాళ్లని వెక్కిరిస్తూ కెన్యా రచయిత బిన్యవాంగా వైనైనా 2005లో రాసిన వ్యాసం నేనే పిల్లలకి పాఠంగా చెప్పాను. అందుకని మలావీ గురించి వెతుక్కున్నాను.

దొరికినవాటిలో మేగన్ వాన్ 1987లో ప్రచురించిన చరిత్ర పుస్తకం ఉంది. 1949లో, అప్పటికింకా న్యాసాలాండ్ అని పిలిచే ఆ దేశంలో వచ్చిన కరువు మీద పరిశోధన. ప్రభుత్వ కాగితాలతో పాటు ఆమె మొక్కజొన్న దంచుతూ ఆడవాళ్లు పాడుకున్న పాటల్ని ఆధారాలుగా తీసుకుంది. కాగితాల్లో కరువు అంటే వాన, ధాన్యం, ధర. పాటల్లో కరువు అంటే తిండి వెతుక్కుంటూ వెళ్లి తిరిగిరాని మొగుడు కూడా. మన దంపుళ్ల పాటల్ని జానపద సాహిత్యమని సేకరించి దాచుకున్నాం గానీ ఆకలి చరిత్రగా ఎంతవరకు చదివాం? 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చిన నేల మీద ఈ ప్రశ్న వేసుకోవచ్చు.

రెండోది ఎమిలీ మ్కమాంగా 2000లో రాసిన 'సఫరింగ్ ఇన్ సైలెన్స్'. 1964లో స్వతంత్రం వచ్చినప్పటి నుంచి 1994 దాకా ఆ దేశాన్ని ఏలిన హేస్టింగ్స్ బాండా కాలంలో స్త్రీల బతుకు మీద రాసిన పుస్తకం. ఆడవాళ్లు ప్యాంటు వేసుకోకూడదు, మోకాళ్లు కనిపించే గౌను వేసుకోకూడదు. వాళ్లందరికీ ఆయన పెద్దమేనమామ వరస. ఆయన బొమ్మ అచ్చేసిన బట్ట కట్టుకుని ఆయన వెళ్లిన చోటల్లా నాట్యం చేయాలి. డ్వాక్రా సభ్యుల్ని బస్సులెక్కించి మంత్రుల సభలకి తోలడం చూసినవాళ్లం కాబట్టి ఇది మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. పుస్తకం మూసి మా కార్యక్రమం చూస్తే మొదటి రోజు మొదటి అంశం: 'గ్రామ మహిళల స్వాగత నృత్యం'. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

అదే సిరాతో 'సాధికారత సమావేశం' కింద కూడా. అందులో ఆడవాళ్లకి ఆస్తి హక్కుల గురించి అవగాహన కల్పించాలట. ఆ గంట నాకే అప్పజెప్పారు, స్త్రీవాదిని కాబట్టి. దక్షిణ మలావీలో చాలా పల్లెల్లో వంశం తల్లి వైపు నుంచి లెక్క. పెళ్లయ్యాక భర్తే భార్య ఊరికి వస్తాడు. ఆ పద్ధతిని చికమ్విని అంటారు. సాగుభూమి తల్లి నుంచి కూతుళ్లకి వస్తుంది. మన దగ్గర ఇల్లరికం అంటే అల్లుణ్ని చూసి నవ్వుతారు, అక్కడ అది మామూలు సంసారం. అలాగని అది ఆడరాజ్యమేమీ కాదు. పెత్తనం మేనమామలది, అన్నదమ్ములది. భూమి చారెడు. ఆడపిల్లలకి చిన్నప్పుడే పెళ్లిళ్లు. పెళ్లి వయసు పద్ధెనిమిదికి పెంచుతూ 2015లో చట్టం చేశారు, 2017లో రాజ్యాంగాన్నీ సవరించారు. డెజా జిల్లాలో థెరిసా కచిండమోటో అనే మహిళా పెద్ద తన ఏలుబడిలో వందల బాల్యవివాహాలు రద్దు చేయించి ఆడపిల్లల్ని బడికి పంపింది. అక్కడి ఆడవాళ్లు తమ యుద్ధాలు తాము చేసుకుంటూనే ఉన్నారు.

ఇంతకీ వాళ్లకి ఆస్తి హక్కు పాఠం చెప్పబోయేదాన్ని, నా సంగతి? 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు, పెళ్లి కాలేదు. నాన్న పోయాక దివిలోని ఎకరంన్నరలో నా వాటా వదులుకుంటూ తమ్ముడికి సంతకం పెట్టిచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. "నీకు ఉద్యోగం ఉందిగా" అన్నారు, పుట్టింటి గడప మూసుకుపోకూడదనుకున్నాను. అదే ఏడు స్త్రీలూ భూమిహక్కూ అన్న సదస్సులో పత్రం చదివాను. ఇప్పుడు తల్లి పొలం తాను దున్నుకుంటున్న మనిషి ముందు నిలబడి ఏం చెప్పను?

ఇంకొక సంగతి కూడా చెప్పి తీరాలి. ఈ తరహా విమర్శలన్నీ తెల్లవాళ్ల గురించి కదా, మనం వాళ్ల పక్షం కదా అని లోపల ఒక నిబ్బరం ఉండేది. చిచెవా భాషలో భారతీయుణ్ని మ్వెన్యె అంటారు. మలావీ పల్లె మనిషికి ఆ మాట వినగానే గుర్తొచ్చేది గాంధీ కాదు, దుకాణంలో కౌంటరు వెనక కూర్చున్న షావుకారు. 1970లలో బాండా ప్రభుత్వం ఆసియావాళ్లని పల్లెల్లో వ్యాపారం చేయకుండా పట్టణాలకి తరిమింది. అది అన్యాయమే, కానీ కౌంటరుకి ఆ వైపూ ఈ వైపూ ఏం జరిగిందో ఇద్దరికీ గుర్తుంది. బ్లాంటైర్‌లో గాంధీ విగ్రహం పెట్టబోతే అక్కడివాళ్లు వ్యతిరేకించారు. 2018లో కోర్టు ఆ పని ఆపింది. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి రోజుల్లో ఆయన నల్లవాళ్ల గురించి రాసిన మాటలు మనం మరిచిపోయినా వాళ్లు మరవలేదు.

అంతదూరం ఎందుకు? హైదరాబాదులో నేను ఎన్నోసార్లు బస్సు దిగిన చోటు పేరు ఏ.సి. గార్డ్స్. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఆఫ్రికా సంతతి అశ్వికదళం ఉన్న పేట. ఆ రెండక్షరాలు దేనికో చాలా ఏళ్లు అడగనే లేదు. కొన్నేళ్ల కిందట సూడాన్ నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక అబ్బాయికి మా అపార్ట్‌మెంటులో ఫ్లాటు అద్దెకివ్వకూడదని సంఘం తీర్మానించింది. ఆ సమావేశంలో నేనున్నాను. సెక్రటరీ ఊళ్లో లేకపోతే మినిట్స్ రాసింది నేనే. 2016లో బెంగళూరులో టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసినప్పుడు ఖండిస్తూ ఉత్తరం మీద సంతకం పెట్టినదీ నేనే. రెండూ ఒకే చేతిరాత.

1968లో మెక్సికోలో ఇవాన్ ఇలిచ్ అమెరికా విద్యార్థి సేవకుల ముందు నిలబడి, చూడ్డానికి రండి, చదువుకోడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నాడు. ఇవన్నీ చదివాక నేనూ ఆ మాటే అని ప్రయాణం మానుకోవచ్చు. చేతులు శుభ్రంగా ఉంటాయి. నా విద్యార్థినితో అదే అన్నాను. ఆమె కొంచెం సేపు మాట్లాడలేదు. "మేడమ్, ఇన్ని ఆలోచిస్తే ఎవరం ఎక్కడికీ వెళ్లం. మీరు రాకపోతే వాళ్లకి ఒరిగేదేముంది? మీకు తప్ప" అంది. అది నిజం. ఉప్పెనలో మా బావి తోడినవాళ్లు ఇలిచ్‌ని చదివి ఆగిపోయి ఉంటే మేం ఏం తాగేవాళ్లం?

చివరికి ఆమెకొక ఉత్తరం రాశాను. అనాథాశ్రమం తీసేయమన్నాను. అలాంటి చోట్ల ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారని పిల్లల కోసం పనిచేసేవాళ్లు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. ఒక పూట ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోయే అత్తయ్యలు వాళ్లకి అక్కర్లేదు. గోడలకి రంగు వేయడం ఆ ఊరి పనివాళ్లకి కూలికిద్దాం, మేం నీళ్లు మోద్దాం అన్నాను. అడగకుండా ఫోటో వద్దు, పిల్లల ఫోటో అసలొద్దు. సాధికారత సమావేశంలో మేం మాట్లాడం, వింటాం. స్వాగత నృత్యం వద్దు. ఎందుకొద్దో బాండా చరిత్రంతా రాశాను. దివిసీమ గురించి, నీలం కోటు గురించి కూడా రాశాను. ఆమె దాన్ని ఇంగ్లీషులో పెట్టి అక్కడ కార్యక్రమం చూసుకునే బడి పంతులమ్మకి పంపింది.

ఆ పంతులమ్మ జవాబు పది రోజులకి వచ్చింది. అనాథాశ్రమం మాట ఆమెకీ నచ్చింది. కూలి సంగతి మేస్త్రీతో మాట్లాడతానంది. నాట్యం గురించి మాత్రం మర్యాదగానే చీవాట్లు పెట్టింది. బాండా కోసం మా అమ్మ తరం నాట్యం చేసింది నిజమే, ఇష్టం లేకుండా చేసింది నిజమే. ఇప్పుడు మేం ఎవరి కోసం ఆడతామో మేం తేల్చుకుంటాం, మీరొచ్చినా రాకపోయినా ఆడతాం, అని రాసింది. ఎర్ర సిరా గీతని తలుచుకుంటే మొహం వేడెక్కింది. పుస్తకాలు చదివి సంపాదించిన తెలివి కూడా కెమిల్లా తెలివే కావచ్చు. అవతలివాళ్లకి ఏది అవమానమో అడగకుండా నేనే తేల్చేశాను, వాళ్ల తరఫున. చదవడం నన్ను లారీ దించిందనుకున్నాను. దిగడానికి నిచ్చెన ఇచ్చిందంతే.

ఆ జవాబు చివర ఒక ప్రశ్న ఉంది. మా ఊళ్లో వరద తర్వాత చేలల్లో ఇసుక మేట వేసింది, ఇప్పటికీ కొన్ని చెక్కలు బాగుపడలేదు. మీ ఉప్పెన తర్వాత మీ అమ్మ మళ్లీ పొలంలో ఎన్నాళ్లకి దిగింది, ముందు ఏం వేసింది?

నాకు తెలియదు. ఉప్పెన మీద వ్యాసాలు రాశాను, కోటు కథ ఎన్నిసార్లో చెప్పాను. అమ్మని ఈ మాట ఎప్పుడూ అడగలేదు. తమ్ముడి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మకిప్పుడు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, గట్టిగా అరిచి అడగాలి. "రెండో ఏడు దిగామే. ముందు జీలుగ చల్లి దున్నాం. ఉప్పు ఇరిగాక వరి. మొదటేడు ఇత్తనాలు కూడా రాలా" అంది. తర్వాత, "ఎవరడిగారు?" అంది. చెప్పాను. "అక్కడేం పండిద్ది?" అంది. మొక్కజొన్న అన్నాను. ఆ పిండి ఉడికించి ముద్ద చేసుకుంటారు, న్సిమా అంటారు అన్నాను. "ఎకరానికి ఎన్ని బస్తాలు దిగుద్ది? ఇసక ఎంత లోతు?" అంది.

అదీ నాకు తెలియదు. జీలుగ సంగతి, ఆ రెండు ప్రశ్నలు రాసి నిన్ననే పంపాను. చిచెవా కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాను. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం బయట నిలబడి "ఓడి" అనాలట, లోపలినుంచి "ఓడినీ" అని వినిపించేదాకా ఆగాలట. జూలైకి ఇంకా నాలుగు నెలలుంది. స్వెటరు సర్దాను, నాకోసం. పాత బట్టల మూట ఇంకా కట్టలేదు. వాళ్లకేం కావాలో రెండో జవాబులో వస్తుందేమో చూడాలి.